లెక్క ప్రకారం ఏడు పాయింట్ ఒకటి

షఫీయుద్దీన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. ఆ ముప్పై నాలుగేళ్లలో ఏ ఒక్కరోజూ ఏ సంగతీ ముందుగా చెప్పింది లేదు. లైను తెగాక వెళ్లేవాడు. డబ్బాలో నీళ్లు చేరాక వెళ్లేవాడు. కల్హేర్‌లో ఎవరి ఫోనో మూగబోయిన నాలుగు రోజులకు స్కూటరేసుకుని పోతే, ఆ ఇంటాయన గడప దగ్గరే నిలబెట్టి "ఇప్పుడొచ్చినవా" అని అడిగేవాడు. ఆ మాట అతను ఎన్ని గడపల్లో విన్నాడో లెక్కలేదు.

అందుకే రిటైరయ్యాక, అరవయ్యో ఏట పరీక్ష రాసి హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నప్పుడు అతని మనసులో ఒక చిన్న ఆశ ఉండేది. ఫోనూ ఇంటర్నెట్టూ లేకుండా సొంత సెట్టుతో, సొంత తీగతో ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడటం ఒక సరదా, నిజమే. కానీ అంతకంటే పెద్ద సరదా ఇంకొకటుంది. ఒక్కసారైనా ఒక సంగతి జరగకముందే చెప్పాలి. చెప్పినట్టే జరగాలి.

సెట్టు కొన్నాడు, వినడం మొదలుపెట్టాడు. మాట్లాడటానికి మాత్రం తీగ కుదరలేదు. తోటి హ్యాములందరూ ఆదివారం పొద్దున పదకొండింటికి కూడే చోటు ఏడు మెగాహెర్ట్‌జ్ దగ్గర. ఆ ఫ్రీక్వెన్సీకి మామూలుగా ఇరవై మీటర్ల తీగ కావాలి. నారాయణఖేడ్‌లో అతని డాబా ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడకు పదకొండు మీటర్లు. పక్కింటి మీదుగా లాగుదామంటే పక్కింటివాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్ల టీవీలో ఏ బొమ్మ ఆగినా ఆ తీగ మీదికే వస్తుందని షఫీయుద్దీన్‌కూ తెలుసు.

పొట్టి తీగతోనే పని జరగాలంటే ఒక ఉపాయం ఉంది. తీగ రెండు సగాల్లోనూ మధ్యలో ఒక్కో కాయిల్ పెట్టాలి. లోడింగ్ కాయిల్ అంటారు. తీగకు లేని పొడవును చుట్ల రూపంలో అప్పజెప్పడమన్నమాట. ఎన్ని చుట్లు అన్నదే ప్రశ్న. చుట్లు ఎక్కువైతే ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది, తక్కువైతే పైకి పోతుంది.

హ్యాముల వాట్సాప్ గ్రూపులో స్టాన్లీ అని ఒకాయన ఉన్నాడు. బీదర్‌లో ఫోటో స్టూడియో. ఇరవై ఏళ్లుగా ఈ సరదాలో ఉన్నవాడు. కాయిల్ సంగతి అడిగితే అతను ఎవరికైనా మూడే ముక్కలు చెబుతాడు: "చుట్టు, చూడు, కొయ్యి." ఎక్కువ చుట్లు చుట్టి, ఫ్రీక్వెన్సీ ఎక్కడ కూర్చుందో చూసి, ఒక్కో చుట్టూ కోసుకుంటూ రావాలి. అంతే.

షఫీయుద్దీన్‌కు అది నచ్చలేదు. తెగాక వెళ్లి చూడటం లాంటిదే కదా అదీ. గ్రూపులో గొంతు సవరించుకుని ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "నేను కొయ్య. లెక్క ప్రకారం చుడ్త. ఏడు పాయింట్ ఒకటి కాడ కూసుంటది. కావల్నంటె రాసి పెట్టుకోన్రి."

గ్రూపులో నలభై మంది. నలభై మందీ రాసిపెట్టుకున్నారు.

*

తీగ కోసం మోటర్ వైండింగ్ చేసే సంగప్ప దుకాణానికి వెళ్లాడు. బస్ డిపో దాటాక ఎడమపక్క ఉంటుంది. కాలిపోయిన బోరు మోటర్లు గుమ్మం బయట వరసగా కూర్చుని ఉంటాయి, దవాఖాన ముందర పేషంట్ల మాదిరి.

"పంతొమ్మిది గేజీ రాగి తీగ, ఒక పది మీటర్లు ఇయ్యి సంగప్పా."

"ఏ మోటరుకు సాబ్?"

"మోటరుకు కాదు. ఏరియల్‌కు. పద్దెనిమిది చుట్ల కాయిళ్లు రెండు."

సంగప్ప తీగ కొలవడం ఆపి తలెత్తాడు. "పద్దెనిమిది అని ఎవలు చెప్పిన్రు?"

"లెక్క చెప్పింది."

"పాత కాయిల్ ఏది?"

"పాతది లేదు. ఇదే మొదటిది."

సంగప్ప ఊరు నాగల్‌గిద్ద దాటాక, కర్ణాటక అంచున ఉంటుంది. ఆశ్చర్యం వేసినప్పుడు కన్నడం ముందు వస్తుంది. "ఏనప్పా ఇది. నేను ముప్పై ఏండ్ల సంది మోటర్లు చుడ్తున్న. పాత కాయిల్ ఇప్పుత, చుట్లు లెక్కవెడ్త, గన్నే మల్ల చుడ్త. నువ్వు పుట్టని కాయిల్‌కు జాతకం చెప్తున్నవ్."

"జాతకం కాదు సంగప్పా, సూత్రం. పైపు ఎంత లావు, చుట్లు ఎన్ని, ఎంత పొడుగుల చుట్టిన్రు. మూడు తెలిస్తె చాలు."

"మంచిది సాబ్. పుట్టినంక ఒకసారి తెచ్చి చూపెట్టు," అన్నాడు సంగప్ప.

*

ఇంట్లో భార్యాభర్తల మాట దక్కనీ ఉర్దూ. అందులో ఎలాగూ సగం తెలుగే ఉంటుంది కనుక ఇక్కడ తెలుగులోనే చెప్పుకుందాం.

హుస్నా బేగం చాలా ఏళ్లు ఇంట్లోనే బట్టలు కుట్టింది. కూతురు ఆస్రా పెళ్లయి జహీరాబాద్ వెళ్లాక కుట్టడం తగ్గించింది గానీ, వేళ్లకు ఆ నేర్పు పోలేదు. షఫీయుద్దీన్ ఇంచున్నర ప్లాస్టిక్ పైపు ముక్క మోకాళ్ల మధ్య ఇరికించుకుని తీగ చుట్టబోతే, మూడో చుట్టుకే తీగ తీగ మీదికెక్కింది. ఆమె కాసేపు చూసింది, పైపు లాక్కుంది.

"మీరు పైపు తిప్పున్రి. తీగ నేను పట్టుకుంట."

ఆమె చేతిలో తీగ పక్కపక్కనే, వెంట్రుక సందు లేకుండా పడింది. పద్దెనిమిది చుట్లు. రెండో కాయిల్ మొదటిదానికి కవల పిల్లలా వచ్చింది. షఫీయుద్దీన్ కాయిళ్లు కొలిచే మీటరు తెచ్చి రెండు కొసలకూ క్లిప్పులు తగిలించాడు. లెక్క ప్రకారం కాయిల్ కొలత కూడా పద్దెనిమిదే, మైక్రోహెన్రీల్లో, రావాలి. మీటరులో పద్దెనిమిది వచ్చింది. రెండోదానికీ అంతే.

అతను మీటరు భార్య వైపు తిప్పి చూపించాడు. ముప్పై నాలుగేళ్ల నౌకరీలో అంత చక్కగా ఏ అంకె కూడా అతని మాట వినలేదు.

"అయితే పని అయిపోయినట్టేనా?" అంది హుస్నా.

"అయిపోయినట్టే. ఇగ మీదికి ఎక్కిచ్చుడే."

డాబా మీద హుస్నా తమ్ముడి చేను నుంచి వచ్చిన కందులు ఆరబోసి ఉన్నాయి. వాటిని తొక్కకుండా పిట్టగోడ వెంబడి నడుస్తూ రెండు వెదురు బొంగులకు తీగ కట్టాడు. కాయిళ్లు అమర్చాడు. అరచేతిలో పట్టే అనలైజరు ఒకటుంది. తీగ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కూర్చుందో తెర మీద గీతగా గీసి చూపిస్తుంది. గీత ఎక్కడ లోయలా దిగితే అక్కడ కూర్చున్నట్టు.

లోయ ఆరు పాయింట్ ఎనిమిది ఎనిమిది దగ్గర ఉంది.

అతను అనలైజరు ఆపి మళ్లీ పెట్టాడు. జోడింపులన్నీ తుడిచాడు. అద్దాలు కూడా తుడుచుకున్నాడు. ఆరు పాయింట్ ఎనిమిది ఎనిమిది.

గ్రూపులో నిజమే చెప్పాడు. అబద్ధం చెప్పే అలవాటు లేదు. అదీగాక నలభై మంది అడుగుతున్నారు. స్టాన్లీ జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది.

"షఫీ భాయ్, నారాయణఖేడ్‌కు టికెట్ తీస్కొని ఊరు రాకముందే కల్హేర్‌లనే దిగిన్రు. పరవాలేదు. అక్కడ కూడ మంచోల్లే ఉంటరు."

*

ఆ సాయంత్రం షఫీయుద్దీన్ చాయ్ చల్లారిపోయింది. ముందు అతను మీటరును అనుమానించాడు. తర్వాత పైపును. చివరికి, చాలా మెల్లగా, ఎటో చూస్తూ అడిగాడు.

"చుట్లు పద్దెనిమిదే పడ్డయా?"

హుస్నా లోపలికి వెళ్లి సూది తెచ్చింది. సూది మొనతో ఒక్కో చుట్టునూ తాకుతూ పైకే లెక్కపెట్టింది. పద్దెనిమిది దగ్గర ఆగి సూది అతని చేతిలో పెట్టింది. "రెండోది మీరు లెక్కవెట్టున్రి."

అతను లెక్కపెట్టలేదు.

మర్నాడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. కాయిల్ కొలిచే మీటరు చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలో కొలుస్తుంది. కాయిల్ పనిచేయబోయేది ఏడు మెగాహెర్ట్‌జ్‌లో. అక్కడ దాని గుణం అదేనని ఎవరు చెప్పారు? కాయిల్‌ను అనలైజరుకు తగిలించి, ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ ఒక్కోచోట కొలిచాడు. ఒకటి దగ్గర పద్దెనిమిది. మూడు దగ్గర కొంచెం పెరిగింది. ఏడు దగ్గర ఇంచుమించు ఇరవై. ఇంకా పైకి పోతే ఇంకా పెరుగుతోంది. ఇరవై రెండు దాటాక గీత ఒక్కసారిగా తలకిందులైంది.

అతను వంటింట్లోకి వెళ్లి జొన్నరొట్టె తడుతున్న భార్య పక్కన నిలబడ్డాడు. "కాయిల్ అంటె వట్టి కాయిల్ కాదు హుస్నా. దాని రెండు కొసల నడుమ జరంత కండెన్సర్ గుణం కూడ ఉంటది. మెల్లగ పోయే కరెంటుకు అది కానరాదు. జల్దీ పోయే కరెంటుకు కానొస్తది. అందుకే పద్దెనిమిది కాస్త ఇరవై అయితుంది."

ఆమె రొట్టె తిప్పింది. "మీ ఆపా లెక్కనే ఉన్నదన్నట్టు ఈ కాయిల్. నిమ్మళంగ అడుగుతె ఒక జవాబు, జల్దీ చెయ్యమంటె ఇంకో జవాబు."

"మా అక్కను ఎందుకు తెస్తవ్ నడుమ?"

"మీకు సమజ్ అయితదని."

సమజైంది. అంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదని అతనికి లోపల అనిపించింది గానీ పైకి అనలేదు.

గ్రూపులో మళ్లీ ఒక మెసేజ్ పెట్టాడు. తప్పు ఎక్కడో దొరికింది, ఇంకొక్క అవకాశం ఇవ్వండి అని. స్టాన్లీ ఒప్పుకున్నాడు గానీ షరతులు పెట్టాడు. రెండు వారాల తర్వాత ఆదివారం తనే బీదర్ నుంచి వస్తాడు. అంకె ముందే కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించాలి. కొలిచేది స్టాన్లీ. ఇరవై కిలోహెర్ట్‌జ్‌ల లోపల, అంటే మెగాహెర్ట్‌జ్‌లో వెయ్యికి ఇరవై వంతుల లోపల, తేడా వస్తే షఫీయుద్దీన్ గెలిచినట్టు. ఓడినవాడు అదే రోజు పదకొండింటి సభలో అందరూ వింటుండగా, "నాది తప్పు, అవతలివాళ్లది రైటు" అని చెప్పాలి.

"పొద్దుగాల్నే వస్త. పగటికి భాభీ చేతి బిర్యానీ తిని పోత," అని చివర్లో కలిపాడు.

హుస్నాకు వినిపించాడు. ఆమె చివరిదాకా విని, "పందెం మీ ఇద్దరిది, బిర్యానీ నాదా?" అని అడిగింది.

"నేను గెలుస్త కదా."

"మీరు గెలిచినా గిన్నె అదే, ఓడినా గిన్నె అదే."

*

తర్వాతి పది రోజులు ఆ ఇంట్లో కాయిళ్లే. లావు పైపు మీద ఒక జత, సన్న పైపు మీద ఒక జత. చుట్లు దగ్గరగా ఒక జత, ఎడంగా ఒక జత. ఎడం సమానంగా రావడం లేదని అతను పరేషాన్ అవుతుంటే, హుస్నా రాగి తీగతోపాటు లావుపాటి దారం కూడా కలిపి చుట్టి, తర్వాత దారం లాగేసింది. దారం ఉన్నంత మేర ఎడం నిలిచింది. అతను ఆ పనికేసి నోరు తెరుచుకు చూశాడు. గుండీకాజాకు ఇట్లే చేస్తామని ఆమె చెప్పింది. అది నిజమో, తనను ఆటపట్టించడమో అతనికి ఇప్పటికీ తెలియదు.

సంగప్ప దగ్గరికి ఇంకా తీగ కోసం పోతే, "పుట్టిందా సాబ్?" అని అడిగాడు.

"పుట్టింది. జాతకం తప్పింది."

"మంచిదే. మొదటిసారే తప్పిపోతె ఇగ భయముండదు," అని తీగ ఇంకో పది మీటర్లు కొలిచాడు.

ప్రతి జతకూ అతను ముందు లెక్కవేసి, ఏ ఫ్రీక్వెన్సీ వస్తుందో ఒక నోటుబుక్కులో రాసేవాడు. ఇప్పుడు లెక్కలో ఆ కండెన్సర్ గుణం కూడా కలిపాడు. తర్వాత డాబా మీదికి ఎక్కించి కొలిచేవాడు. ఎండలో అనలైజరు తెర కనబడక కొంగు అడ్డం పెట్టమని హుస్నాను పిలిచేవాడు. ఆమె ఒక చేత్తో కొంగు పట్టుకుని, ఇంకో చేత్తో నోటుబుక్కులో అతను చెప్పిన అంకె రాసేది. నడుమ నడుమ "కందులు, కందులు" అని అతని కాళ్లకు గుర్తుచేసేది.

లెక్క ఇప్పుడు చాలా దగ్గరికొచ్చింది. మొదటి జతకు రెండు వందల ఇరవై కిలోహెర్ట్‌జ్‌ల తేడా ఎక్కడ, ముప్పై, నలభై ఎక్కడ. ఆ మిగిలిన కాస్తకూ అతని దగ్గర ప్రతిసారీ ఒక కారణం ఉండేది. మొదటి రోజు గాలికి తీగ ఊగింది. రెండో రోజు బొంగు వంగింది. మూడో రోజు మంచుకు పైపు తడిసింది. నాలుగో రోజు జోడింపు వదులైంది. ఐదో రోజు చుట్ల మధ్య ఎడం ఒకచోట జరిగింది. ఆరో జతకు కారణమేమీ దొరక్కపోతే, తీగ నుంచి సెట్టుకు దిగే కేబుల్ పాతదైపోయిందన్నాడు. హుస్నా అన్నీ విని, ఒక్కటీ కాదనకుండా, పక్కనే ఆ కారణం కూడా రాసిపెట్టింది.

శనివారం నాడు అతను ఏడో జత ఖాయం చేశాడు. చుట్లు ఎడంగా, పదహారు మీద సగం. గాలి లేనప్పుడు, బొంగు నిటారుగా ఉన్నప్పుడు, తడి లేకుండా, జోడింపు గట్టిగా ఉండి, కేబుల్ కొత్తదైతే ఎంత వస్తుందో తేల్చాడు. ఏడు పాయింట్ ఒకటి సున్నా సున్నా. కాగితం మీద రాశాడు. కవరులో పెట్టాడు.

"నీ దగ్గర పెట్టు. రేపు స్టాన్లీ చేతికే ఇయ్యాలె."

హుస్నా కవరు తీసుకుంది. "అంటించాల్నా?"

"అంటించు," అన్నాడు అతను బయటికి వెళ్తూ. కొత్త కేబుల్ కొనాలి.

*

స్టాన్లీ ఆదివారం తొమ్మిదింటికల్లా మోటర్ సైకిల్ మీద వచ్చాడు. పొడుగు మనిషి, పెద్ద చెవులు. ఇరవై ఏళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఇట్లా అవుతాయని అతనే చెప్పుకుంటాడు. హుస్నాకు బీదర్ నుంచి తెచ్చిన పేడాల డబ్బా ఇచ్చి, "భాభీ, ఇయ్యాల భాయ్‌ను ఏడిపిస్త, మీకు కోపమొస్తదా?" అని అడిగాడు.

"నాకు మిగిల్చి ఏడిపియ్యున్రి," అందామె.

ముగ్గురూ డాబా ఎక్కారు. గాలి లేదు. బొంగులు నిటారుగా ఉన్నాయి. పైపులు పొడిగా ఉన్నాయి. జోడింపులు షఫీయుద్దీన్ పొద్దున్నుంచి మూడుసార్లు బిగించాడు. కేబుల్ కొత్తగా మెరుస్తోంది. స్టాన్లీ తన సొంత అనలైజరే తెచ్చుకున్నాడు. తగిలించాడు. షఫీయుద్దీన్ తెర వైపు చూడకుండా కందుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏడు పాయింట్ సున్నా ఆరు రెండు," అని చదివాడు స్టాన్లీ. మళ్లీ కొలిచాడు. అదే. "కవరు, భాభీ."

హుస్నా కవరిచ్చింది. స్టాన్లీ చింపి లోపల చెయ్యి పెట్టాడు. రెండు కాగితాలు వచ్చాయి.

మొదటిది చదివాడు. "ఏడు పాయింట్ ఒకటి సున్నా సున్నా. ముప్పై ఎనిమిది తేడా. షఫీ భాయ్, ఈసారి మీ ఊర్లనే దిగిన్రు గాని, బస్టాండుల కాదు."

షఫీయుద్దీన్ కారణం వెతుకుదామని చుట్టూ చూశాడు. గాలి లేదు. తడి లేదు.

స్టాన్లీ రెండో కాగితం విప్పాడు. అది నోటుబుక్కులోంచి చింపిన ముక్క. దాని మీద ఉర్దూ అంకెలు ఉన్నాయి. స్టాన్లీకి చదవరాక షఫీయుద్దీన్ ముందు పెట్టాడు. అతను చదివి, అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చదివాడు.

"ఏడు పాయింట్ సున్నా ఆరు సున్నా," అన్నాడు. "ఇది ఎవరు రాసిన్రు?"

"ఇంట్ల ఉన్నది ఇద్దరమే కదా," అంది హుస్నా.

కింద రోడ్డు మీద నాగల్‌గిద్ద ఆటోవాడు మనుషులను పిలుస్తున్నాడు. స్టాన్లీ ముందు తేరుకున్నాడు. "రెండు కిలోహెర్ట్‌జ్ తేడా భాభీ. ఇరవై ఏండ్ల సంది నేను కోసుకుంట కోసుకుంట కూడ ఇంత దగ్గరికి రాలే. ఏ సూత్రం వాడిన్రు?"

"నాకేం సూత్రం రాదు. ఆయన ఆరుసార్లు చెప్పిండు. ఆరుసార్లు నలభైకి అటో ఇటో తక్కువనే వచ్చింది. ఒక్కసారన్న ఎక్కువ రాలే. ఏడోసారి మాత్రం ఎందుకొస్తది? ఆయన అంకెల నలభై తీసేసిన."

"కాయిల్‌ను చూడనే లేదా?" అన్నాడు షఫీయుద్దీన్.

"కాయిల్ సంగతి నాకేమెర్క. నేను మిమ్మల్నే లెక్క కట్టిన."

స్టాన్లీ నవ్వు ఆపుకోలేక పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు. షఫీయుద్దీన్‌కు మాత్రం మొదట చివుక్కుమంది. కొంగు అడ్డం పట్టుకుని పక్కన నిలబడ్డ మనిషి పది రోజులుగా తనను కొలుస్తోందని అతనికి తోచనే లేదు. నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. ఆరు వరసలు. ముప్పై ఆరు తక్కువ, నలభై రెండు తక్కువ, ముప్పై తొమ్మిది తక్కువ. నలభై ఒకటి, ముప్పై ఎనిమిది, నలభై. పక్కన ఆమె గుండ్రటి రాతలో గాలి, బొంగు, మంచు, జోడింపు, ఎడం, కేబుల్.

గాలి ఉన్నా లేకున్నా నలభైయే. తడి ఉన్నా లేకున్నా నలభైయే. అయితే ఇది గాలి కాదు, తడి కాదు, కాయిల్ కూడా కాదు. రోజూ మారకుండా ఒకేచోట ఉన్నదేదో ఈ పని చేస్తోంది. అతను నోటుబుక్కులోంచి తలెత్తి తీగను చూశాడు. తీగ కింద చూశాడు. రెండు మీటర్ల కింద కందులు. కందుల కింద స్లాబు. స్లాబులో అడుగడుక్కూ ఇనుప చువ్వలు.

"స్టాన్లీ," అన్నాడు, "జర ఆ బొంగు పట్టు."

ఇద్దరూ రెండు పక్కల బొంగులను పిట్టగోడ మీదికి ఎత్తి కట్టారు. తీగ ఇంకో మీటరు పైకి లేచింది. కాయిళ్లను ముట్టుకోలేదు. మళ్లీ కొలిస్తే ఏడు పాయింట్ సున్నా ఏడు తొమ్మిది. తీగ స్లాబుకు దూరమైన కొద్దీ ఫ్రీక్వెన్సీ లెక్క వైపు జరుగుతోంది. షఫీయుద్దీన్ ముఖం వికసించింది. ఓడిపోయిన సంగతే మరిచిపోయాడు.

"చువ్వలు, హుస్నా. స్లాబుల చువ్వలు. నా లెక్కల తీగ ఆకాశంల ఉన్నది. మన డాబా మీద లేదు."

"ఏడో సాకు దొరికింది," అంది ఆమె.

"సాకు కాదు. కారణం."

"తేడా ఏంది?"

అతను బొంగు వైపు చెయ్యి చూపాడు. "కారణమైతె కొలవొచ్చు. ఇప్పుడు కొలిచినం కదా."

ఆమె నోటుబుక్కు తీసుకుని, ఏడో వరసలో చువ్వలు అని రాసింది. ఈసారి ఆ మాట కింద ఒక గీత కూడా గీసింది. అది మెచ్చుకోలని అతనికి అర్థమైంది. గీత చాలాసేపు చూసుకున్నాడు.

పందెం ఎవరు గెలిచారన్న దాని మీద కాస్త రభస అయింది. తేడా ముప్పై ఎనిమిది కనుక షఫీయుద్దీన్ ఓడాడని స్టాన్లీ అన్నాడు. కవరు ఒకటే, అందులోంచి వచ్చిన అంకె సరిగ్గా ఉంది, కొయ్యకుండానే వచ్చింది, కనుక నువ్వూ ఓడినట్టేనని షఫీయుద్దీన్ అన్నాడు. ఇద్దరూ హుస్నా వైపు చూశారు. ఆమెకు బిర్యానీ దమ్ముకు పెట్టే వేళ అవుతోంది.

"షరతు ఏమనుకున్నరు? నాది తప్పు, అవతలోల్లది రైటు అని కదా. ఇద్దరు చెప్పున్రి," అని కిందికి వెళ్లిపోయింది.

పదకొండింటికి షఫీయుద్దీన్ మైకు పట్టుకున్నాడు. లైసెన్సు వచ్చిన ఏడాదికి ఏడు మెగాహెర్ట్‌జ్‌లో అతని గొంతు బయటికి వెళ్లడం అదే మొదలు. సభ నడిపే ఆయన నిజామాబాద్ నుంచి పలికాడు. షఫీయుద్దీన్ లైసెన్సుతో వచ్చిన తన కాల్‌సైన్ చెప్పి, ఆగి, మైకు గుండీ మళ్లీ నొక్కాడు.

"నాది తప్పు," అన్నాడు. "హుస్నా బేగం రైటు."

మైకు స్టాన్లీకి ఇచ్చాడు. అతనికీ లైసెన్సు ఉంది. "నాది కూడ తప్పే," అన్నాడు స్టాన్లీ. "కొయ్యకుంట కూడ వస్తదంట. భాభీ రైటు."

అటునుంచి నిజామాబాద్ ఆయన చాలా గంభీరంగా, "మీ సిగ్నల్ బాగున్నది. హుస్నా బేగం ఎవరో జర వివరం చెప్పున్రి," అన్నాడు. షఫీయుద్దీన్ వివరం చెప్పాడు. వంటింట్లోంచి గరిటె చప్పుడు ఆగింది. ఆమె గుమ్మం దాకా వచ్చి, తలుపుకు ఆనుకుని, నలభై మందికి తన భర్త తన సంగతి చెబుతుంటే మొత్తం విన్నది. గెలిచినట్టు ఏమీ కనబడనివ్వలేదు. ఆ పూట బిర్యానీలో అతని పళ్లెంలోకి మాత్రం రెండు ముక్కలు ఎక్కువ పడ్డాయి. స్టాన్లీ అది చూసి తన ముక్కలు లెక్కపెట్టుకున్నాడు.

*

తర్వాతి వారం గ్రూపులో కాయిళ్ల జోరు మొదలైంది. కొయ్యకుండా చుట్టాలని అందరికీ సరదా పుట్టింది. సిద్దిపేట నుంచి ఒకాయన తన డాబా పొడవు, పైపు లావు, చుట్ల లెక్క అన్నీ పంపించి, తనకు ఏడు పాయింట్ ఒకటి రెండు వస్తుందని రాశాడు. కింద ఇంకో ముక్క కలిపాడు: "బేగం సాబాను అడిగి ఎంత తీసెయ్యాల్నో చెప్పున్రి."

షఫీయుద్దీన్ కిందికి దిగి భార్యకు చదివి వినిపించాడు. ఆమె కందులు చాటలో చెరుగుతోంది. చేతులు ఆపకుండానే విన్నది.

"డాబా పదమూడు మీటర్లంట, స్లాబు మీద తీగ రెండున్నర మీటర్ల ఎత్తంట," అని అతను మళ్లీ చెప్పాడు, వివరాలు సరిపోలేదేమోనని.

"అవన్ని నాకెందుకు," అంది హుస్నా. "ఆయన ఎట్లాంటోడో నాకెట్ల ఎర్క? ఆయన భార్య ఫోన్ నంబరు పంపియ్యమను."